నిద్ర చెడగొట్టిన కొత్తకోడలు

అమీర్‌పేటలో కాపురం పెట్టి ఇంకా నెల తిరగలేదు. సుమశ్రీకి ప్రతిదీ సంబరమే. జావా, ఒరాకిల్ కోచింగ్ బోర్డుల మధ్య ఆకాశం కనపడకపోతేనేం, కిందికి దిగి కొత్తిమీర కట్ట బేరమాడి రావడం కూడా ఆమెకి షికారే. ఆ మధ్యాహ్నం మధురానగర్ మలుపులో ఐస్‌క్రీం కొని, కరిగిపోతుందని చున్నీ చాటున పెట్టుకుని మెట్లన్నీ పరుగున ఎక్కింది. బావగారి కూతురు హరిణికి నిన్ననే టాన్సిల్స్ తీశారు. ఐస్‌క్రీం తినమని డాక్టరే చెప్పాడట. అంతకన్నా మంచి జబ్బుంటుందా!

"హరీ! ఏం తెచ్చానో చెప్పుకో!"

ఆరేళ్ల పిల్ల కదల్లేదు.

"ష్, లేపకు," అంది అత్తగారు రత్నమాల. "రాత్రంతా గొంతు నొప్పని ఒకటే ఏడుపు. ఆ నొప్పి సిరప్, కోడీన్ అట, రెండోసారి పోశాక హాయిగా పడుకుంది. నిద్రపోయే పిల్లల్ని లేపుతారా ఎవరైనా?"

సుమశ్రీ చల్లటి కప్పుని పిల్ల బుగ్గకి ఆనించింది. ఉలిక్కిపడలేదు. గుర్రు పెడుతోంది, ఆగిపోతోంది. మళ్లీ ఎప్పటికో ఒక ఊపిరి. పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టున్నాయి.

"అత్తయ్యా, ఇది నిద్ర కాదు."

"పెళ్లయి నెల కాలేదు, పిల్లల సంగతి నాకు చెప్తావా? డాక్టరు రాసిచ్చిన మందేగా!"

"ఆ డాక్టరుకే చూపిస్తాను." పిల్లని భుజాన వేసుకుంది.

రత్నమాల గుమ్మానికి అడ్డం నిలబడింది. "వాళ్లమ్మ బ్యాంకు నుంచి రానీ. నా మాటంటే లెక్కలేదా?"

"తర్వాత ఎన్ని తిట్లయినా పడతాను. ఇప్పుడు తప్పుకోండి!"

ఆ గొంతు తనదేనా అని సుమశ్రీకే అనుమానం వచ్చింది. అత్తగారు తప్పుకుంది. మరుక్షణం చెప్పులైనా వేసుకోకుండా వెనకే దిగింది.

"పంజాగుట్ట ఆసుపత్రికి, తొందరగా!"

కింద ఆటో నడిపే సాయిలు పిల్ల ముఖం చూసి బేరమాడలేదు. "జర గట్టిగ పట్టుకో అక్కా. సిగ్నల్ కాడ మస్తు జామున్నది, గల్లీలకెల్లి పోత."

దారంతా సుమశ్రీ పిల్ల అరికాళ్లు గిల్లుతూనే ఉంది. గిల్లినప్పుడల్లా ఒక ఊపిరి. అరికాళ్లు ఎర్రగా కందిపోయాయి. అయినా ఆపలేదు.

టాన్సిల్స్ తీసింది ఇక్కడేనని, కోడీన్ పోశాక పిల్ల లేవట్లేదని చెప్పినా డ్యూటీ డాక్టరు కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. "ఆ మందుకి కాస్త మగతగానే ఉంటుందమ్మా. కూర్చోండి, పిలుస్తాం."

"కూర్చోను. మీరు లేవండి." పిల్లని తెచ్చి ఆయన టేబుల్ మీద, కాగితాల మీదే పడుకోబెట్టింది. "ఊపిరి ఎలా తీస్తోందో చూసి, అప్పుడు చెప్పండి మగతని."

ఆయన చూశాడు. నర్సుని కేకేస్తూ తనే పిల్లనెత్తుకుని పరుగెత్తాడు. ఆక్సిజన్ పెట్టారు, విరుగుడు ఇంజక్షన్ ఇచ్చారు. కాసేపటికి హరిణి కళ్లు తెరిచి, నొప్పంటూ బావురుమంది. లోకంలో ఇంత కమ్మటి ఏడుపు ఉంటుందని సుమశ్రీకి అప్పుడే తెలిసింది.

"కొందరు పిల్లల ఒంట్లో కోడీన్ మరీ త్వరగా మార్ఫిన్ అనే మత్తుమందుగా మారి ఊపిరిని అణిచేస్తుంది," అన్నాడు డాక్టరు చెమట తుడుచుకుంటూ. "ఎవరికలా అవుతుందో ముందే తెలీదు. సిరప్ మోతాదు సగం చేస్తాను."

"సగం కాదు, చుక్క కూడా వద్దు. మత్తు లేని మందు రాయండి. ఇంటికి పంపేటప్పుడు, లేపితే లేవకపోతే తీసుకురమ్మని ఒక్కరైనా చెప్పారా?"

"అది... పెద్ద డాక్టరుగారినడగాలి."

"అడగండి. ఇంకో పిల్లకి ఈ సీసా ఇచ్చేముందు ఏం చెప్తారో కూడా అడగండి. నేనెక్కడికీ వెళ్లను."

డాక్టరు నసుగుతుంటే రత్నమాల మనవరాలి చెయ్యి వదలకుండానే ఇటు తిరిగింది.

"మా కోడలు తెలుగులోనేగా చెప్పింది, నాయనా? ఫోన్ చెయ్యి."