పుట్టకముందే ఉద్యోగం

నీళ్ల పంపింగ్ స్టేషన్‌లో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరైన పిన్ని, ఆ స్టేషన్ చరిత్ర రాయడానికి కూర్చుంది. అది గ్రంథాలయం వెబ్‌సైట్లో పెడతారు. ఆ సైటు చూసుకునేది ఆమె అక్క కూతురు చిట్టి.

"కోడూ గీడూ నీకక్కర్లేదు పిన్నీ. మామూలుగా టైపు చెయ్యి. శీర్షిక ముందు ఒక గుర్తు పెట్టు, అంతే. సర్వరే దాన్ని వెబ్ పేజీగా మార్చేసుకుంటుంది" అంది చిట్టి.

పేజీ వచ్చిన మర్నాడే ఫోను మోగింది.

"ఒసేయ్ చిట్టీ, నేనెప్పుడు పుట్టానే?"

"అరవై మూడులో. ఏమైంది?"

"అరవైలో ఉద్యోగంలో చేరానట! పెద్ద పైపు అరవై ఒకటిలో పగిలిందట. మా ఫోర్‌మన్ గారు చూసి ఒకటే నవ్వు. అప్పుడాయన రెండో తరగతిట."

టైపు తప్పేమోలే అనుకుని చిట్టి, పిన్ని పంపిన ఫైలు తెరిచింది.

1958. మొదటి పంపు.
1967. రెండో పంపు.
1985. నేను చేరాను.
1991. పెద్ద పైపు పగిలింది.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పేజీలో మాత్రం 1958, 1959, 1960, 1961.

మధ్యాహ్నానికి పిన్నే గ్రంథాలయానికి వచ్చేసింది. కళ్లజోడు సర్దుకుని చిట్టి కుర్చీ వెనకాల నిలబడింది.

"రెండుసార్లు మళ్లీ కొట్టానే. నేను కొట్టేదొకటి, కనబడేదొకటి. మతిమరుపు మొదలైందేమోనని భయంగా ఉంది."

ఆ గొంతులో వేళాకోళం లేదు. చిట్టి ముందు బ్రౌజర్ దాచుకున్న పాత పేజీని చెరిపింది. సర్వరు ఆపి మళ్లీ నడిపింది. మార్పేమీ లేదు, అవే అంకెలు. విసుగొచ్చి మొదటి వరుస తీసేసి చూసింది. ఈసారి 1967, 1968, 1969.

"అయిదేళ్లకే ఉద్యోగమన్నమాట! ఇందాకటికంటే నయం" అంది పిన్ని.

చిట్టి తెర వైపు నోరు తెరుచుకుని చూసింది. తర్వాత నుదురు కొట్టుకుంది.

"ఇది సంవత్సరం అనుకోవట్లేదు పిన్నీ! వరుస మొదట్లో అంకె, పక్కన చుక్క కనబడితే జాబితా అనుకుంటోంది. మొదటి అంకె మాత్రం నీ దగ్గర తీసుకుని, మిగతావి తనే ఒకటొకటి పెంచుకుంటూ పోతోంది."

"నేను రాసింది పక్కన పెట్టేసి?"

"ఆ."

"మరి ఇంత తెలివి దానికెవరిచ్చారు?"

చిట్టి మొదటి వరుస తిరిగి పెట్టింది. పిన్ని కుర్చీ లాక్కుని చుక్కలన్నీ చెరిపి '1958లో', '1967లో' అని మార్చింది. సంవత్సరాలు కుదురుకున్నాయి. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

సాయంత్రం ఫోర్‌మన్ పిన్నికి ఫోన్ చేశాడు. "అంతా బాగుందమ్మా. కానీ పైపు పగిలింది తొంభైలో కదా?"

"తొంభై ఒకటండీ!"

"తొంభై! మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డవాణ్ణి నేను."

"పక్కన నిలబడింది నేనేనండీ!"

మర్నాడు పిన్ని స్టేషన్‌కి వెళ్లి పాత డ్యూటీ పుస్తకం తీయించింది. అందులో ఆమె సొంత చేతిరాతతోనే ఉంది: ఎనభై తొమ్మిది.

ఆ పేజీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని మళ్లీ చదివింది. తర్వాత చిట్టికి ఫోన్ చేసి, సంగతంతా చెప్పి, అంకె మార్చమంది.

"అదేంటి పిన్నీ, ఇద్దరిదీ తప్పేనా?"

"తప్పేనే. ఆయనది ఒక ఏడే అనుకో" అని, "ఎండాకాలమేనా అది, వానాకాలమా?" అని తనలో తనే అనుకుంటూ ఫోను పెట్టేసింది.