వెచ్చటి కిలోలు

దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని ఆ నాలుగంతస్తుల బిల్డింగులో అందరికంటే ముందు లేచేది జయకుమారి. ఆవిడ లేచిందంటే ఇక సువార్తరావు నిద్ర అయిపోయినట్టే. ముందు దుప్పటి లాగేసేది. తర్వాత ఏసీ ఆపేసేది. అప్పటికీ కదలకపోతే చల్లటి తడిచెయ్యి తెచ్చి వీపు మీద పెట్టేది.

"లేవండి. అయిదింటికి మాల్ తలుపులు తీసేస్తారు."

"తీస్తే తీయనీ. దుకాణాలు పదింటిగ్గానీ తెరవరు కదే. ఈలోగా వెళ్ళి ఏం కొంటాను?"

"కొనడానికి కాదు, తగ్గడానికి. లేవండంటే!"

సువార్తరావుది రాజోలు పక్క పల్లె. దోహాలో ఓ కంపెనీకి వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు. మనిషి నూటరెండు కిలోలు. సైట్లో నిచ్చెనలెక్కే ఉద్యోగం కాబట్టి, జూలై కల్లా ఎనభై అయిదుకి దిగకపోతే ఫిట్ అని రాయనని కంపెనీ డాక్టరు జనవరిలోనే తేల్చేశాడు. ఫిట్ కాకపోతే డ్యూటీ లేదు, డ్యూటీ లేకపోతే వీసా లేదు. పదహారేళ్ళ కాపురాన్ని రెండు సూట్‌కేసుల్లో సర్దుకుని పోవాలి. పిల్లల్లేని ఆ ఇద్దరికీ ఆ ఇల్లూ, ఆ ఊరూ, ఒకరికొకరూ తప్ప వేరే లోకం లేదు. అందుకే జయకుమారి నడుం బిగించింది.

ఆవిడ బిగించిందంటే మామూలుగా కాదు. ఆవకాయ జాడీ బీరువాలో పెట్టి తాళం వేసింది. తెల్లన్నం బంద్. పొద్దున రెండు జొన్నరొట్టెలు, మధ్యాహ్నం డబ్బాలో కీరదోస ముక్కలు, ఉడకబెట్టిన కోడిమాంసం, సాయంత్రం సూపు. చేపలపులుసు వారానికొకసారి, అదీ నూనె కనబడకుండా. అన్నిటికంటే పెద్ద అఘాయిత్యం ఏమిటంటే, పెళ్ళయిన నాటినుంచీ ఒకే కంచంలో తినే మొగుడూపెళ్ళాల మధ్య ఇప్పుడు రెండు కంచాలు వచ్చాయి. ఆయనకి చిన్నది, ఆవిడకి పెద్దది. శుక్రవారం ఆరాధన అయ్యాక చర్చి బయట బిర్యానీ పొట్లాలు పంచుతుంటే సువార్తరావు చెయ్యి చాపేవాడు, జయకుమారి వెనక్కి లాగేది.

"దేవుడి ప్రసాదం లాంటిదే జయా!"

"దేవుడు మీ సైజు చూసి ఇవ్వలేదు. పదండి."

మాల్లో ఏసీ చలిలో, మూసిన దుకాణాల ముందునుంచి రౌండ్లు. ఆవిడ ముందు, ఆయన వెనక. "ఎన్ని రౌండ్లయ్యాయి?" అని ఆవిడ అడగడం, "ఎనిమిది" అని ఆయన అబద్ధమాడటం, "ఆరు" అని ఆవిడ దిద్దడం. ఫిబ్రవరి మొదటి వారంలో బాత్‌రూంలో, బకెట్ పక్కన, మొదటి కిలో కనబడింది.

కిలో అంటే అందరికీ తెలిసిందే. వెన్నముద్దలా పచ్చగా, గుండ్రంగా, ముట్టుకుంటే మనిషి ఒళ్ళులా వెచ్చగా ఉంటుంది. ఎంత ఎండలో పెట్టినా కరగదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఓ కునుకు తీస్తే చాలు, ఒంట్లో కలిసిపోతుంది. అయితే అది అందరికీ పట్టదు, ఆ మనిషికీ, ఆ మనిషితో ఒకే కంచంలో తిన్నవాళ్ళకే పడుతుంది. బిల్డింగుకి కాపలా ఉండే నాతూర్ ముఖ్తార్ మెట్ల దగ్గర కాగితం కూడా అంటించాడు, కిలోలు చెత్తడబ్బాలో వెయ్యకూడదని. ఎంగిలి మెతుకులు తిని పెరిగిన వీధి పిల్లులు వాటి మీద పడుకుని కదల్లేకుండా తయారవుతున్నాయట, మున్సిపాలిటీ వాళ్ళు తనని తిడుతున్నారట.

జయకుమారి ఏదీ పారేసే మనిషి కాదు. గల్ఫ్‌లో ప్రతి తెలుగింట్లోనూ ఉన్నట్టే వాళ్ళ హాల్లోనూ ఓ మూల కార్గో పెట్టె ఉంది. ఏడాదంతా కాస్త కాస్తా నింపి, నిండాక ఓడలో ఊరికి పంపే అట్టపెట్టె. అందులో సబ్బులు, పాలపొడి డబ్బాలు, ఓ పూల రగ్గు. వాటి మధ్యన పాత తువ్వాల్లో చుట్టి కిలో కూడా పెట్టేసింది. మే నెలాఖరుకి అలాంటివి తొమ్మిది చేరాయి. మొగుడు తొంభై మూడుకి దిగాడు. ఆవిడకి నేల మీద కాలు ఆనలేదు.

జూన్‌లో ఎండలు ముదిరాయి. సైట్ నుంచి వచ్చేసరికి సువార్తరావు పీల్చేసిన చెరుకుపిప్పిలా ఉండేవాడు. నడక మానేశాడు. తిండి సయించట్లేదనేవాడు. చిత్రం చూడండి, నడక మానేశాకే కిలోలు గబగబా రాలడం మొదలుపెట్టాయి. ఒక్క నెలలో ఎనిమిది! జయకుమారి పొంగిపోయింది. నోరు కట్టుకున్నాడు, ఒళ్ళు దారికొచ్చింది అనుకుంది. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చర్చి వాట్సాప్ గ్రూపులో వేసింది. "జయకుమారిగారూ, మీ పద్ధతేంటో మాకూ చెప్పండి" అని ఆడవాళ్ళంతా వెంటపడ్డారు. ఆవిడ మెనూ రాసి మరీ పంపింది.

పెట్టెలో సర్దుతుంటే ఒక్కటి మాత్రం చేతికి తెలిసింది. ఈ ఎనిమిదీ చల్లగా ఉన్నాయి. ఏసీ గదిలో ఉన్నాయి కదా, చల్లగా కాక ఎలా ఉంటాయి అని సర్దిచెప్పుకుంది. అంతకంటే ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే అని తర్వాత ఎన్నిసార్లు తలబాదుకుందో ఆ గోడలకే తెలుసు.

ఓ శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ వంటింట్లోంచి వచ్చేసరికి సువార్తరావు కార్గో పెట్టె పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. పెట్టె మూత తీసి ఉంది. ఒళ్ళో తువ్వాలు, తువ్వాల్లో ఫిబ్రవరి నాటి కిలో. కళ్ళు మూతలు పడుతున్నాయి. జయకుమారికి ఒళ్ళు మండిపోయింది. దొంగసొత్తు పట్టుకున్నట్టు గబుక్కున లాక్కుంది.

"సిగ్గులేదూ మీకు? ఇన్నాళ్ళ నా కష్టం అంతా మళ్ళీ ఒంటికి పూసుకుంటారా?"

"అది కాదే జయా, చలేస్తోంది. కాస్త వెచ్చగా ఉంటుందనీ..."

"నలభై అయిదు డిగ్రీల ఎండలో చలా! చిన్నపిల్లాడిలా సాకులు చెప్పకండి."

ఆయన చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఈ పెట్టె ఇంట్లో ఉన్నంతకాలం ఈయన బుద్ధి దాని మీదే ఉంటుందని జయకుమారి ఆ సాయంత్రమే కార్గో గజేందర్‌కి ఫోన్ చేసింది. రాజోల్లో ఉన్న ఆడపడుచు మోనికా పేరు పెట్టె మీద పెద్దక్షరాలతో రాసింది.

గజేందర్ నిజామాబాద్ పిల్లగాడు. పెట్టె ఎత్తబోయి దించేశాడు. "ఏంది మేడమ్, గింత బరువుంది? రాళ్ళు నింపిండ్రా?"

"మా ఆయన కిలోలు బాబూ."

"అట్లనా. మంచిగ తగ్గిండు సార్. అయితే కింద పెట్టెలు పెట్టి మీదికెల్లి దీన్ని పెడ్త, నలగకుంట. ఓడ గద, నలభై రోజులైతది."

జూలై మొదటి వారంలో కంపెనీ డాక్టరు సువార్తరావుని త్రాసెక్కించి, చెయ్యి కలిపి, ఫిట్ అని రాసిచ్చాడు. ఆ రోజు జయకుమారి బీరువా తాళం తీసింది. ఆవకాయ కలిపి మొదటి ముద్ద తనే పెట్టింది. ఆయన నోట్లో పెట్టుకుని, నమలలేక, బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు.

తర్వాత కూడా కిలోలు ఆగలేదు. ఎనభై ఒకటి, డెబ్భై ఎనిమిది, డెబ్భై నాలుగు. అన్నీ చల్లనివే. వాటిని ఆవిడ చేత్తో ముట్టుకోకుండా తువ్వాల్తో పట్టి తీసేది. సెప్టెంబరులో ఓ పొద్దున సైట్లో నిచ్చెన మొదటి మెట్టు దగ్గరే ఆయన కూలబడ్డాడు. అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

డాక్టర్ సుర్రయ్యాది హైదరాబాదు. కాగితాలన్నీ చూసి, జయకుమారిని పక్కగదిలో కూర్చోబెట్టి, చెప్పాల్సింది నిదానంగా చెప్పింది. క్లోమంలో గడ్డ. ఆపరేషన్ చేస్తే బతికే దారి ఉంది. కానీ ఈ ఒళ్ళు ఆ కోతకి తట్టుకోదు.

"ఎనిమిది కిలోలైనా పెరగాలమ్మా, రెండు నెలల్లో. ట్యూబుతో ఎంత పోసినా ఈ జబ్బులో ఒంటికి పట్టదు. ఆయన కిలోలు ఇంట్లో ఉంచారా?"

"చల్లనివి ఉన్నాయి డాక్టరుగారూ."

"చల్లనివి జబ్బు తీసినవి. అవి ఎవరికీ పనికిరావు. వెచ్చనివి? నడిచి తగ్గినవి?"

"తొమ్మిది. ఊరికి కార్గోలో వేసేశాను" అంది జయకుమారి. అని, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆసుపత్రి వరండాలోనే నిలబడి మోనికాకి ఫోన్ చేసింది. జబ్బు సంగతి అప్పటికింకా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ముందు పెట్టె సంగతి అడగాలి, తర్వాత మెల్లగా చెప్పాలి అనుకుంది. ఫోనెత్తుతూనే మోనికా ఏడుపూ నవ్వూ కలిపి అందుకుంది.

"వదినా, నేనే చేద్దామనుకుంటున్నాను! పెట్టె వచ్చి రెండు వారాలైంది. నీకు చెప్పలేదు, చెబితే మళ్ళీ ఏమవుతుందోనని భయం. నాకు ఆరో నెల వదినా."

జయకుమారి గోడకి ఆనుకుంది. మోనికాకి అప్పటికే రెండుసార్లు పోయింది. రెండోసారి అయిదో నెలలో.

"బిడ్డ ఎదగట్లేదన్నారు. ఇదీ దక్కదన్నారు. అమలాపురం డాక్టరమ్మ, ఒకే కంచంలో తిన్నవాళ్ళ కిలోలు ఏవైనా ఉన్నాయా అని అడిగింది. ఆ మర్నాడే నీ పెట్టె వచ్చింది వదినా! చిన్నప్పుడు అన్నయ్య కంచంలోనే కదా తిన్నాను నేను. చల్లగా ఉన్నవి పాతిపెట్టించేశాం. వెచ్చనివాటిలో అయిదు అయిపోయాయి. నిన్న స్కానింగులో బిడ్డ కాలు ఝాడించి తన్నింది. మిగిలిన నాలుగూ కాన్పు దాకా జాగ్రత్తగా వాడమంది. ఇంతకీ నువ్వెందుకు చేశావు?"

"ఊరికే. పెట్టె అందిందో లేదోనని" అంది జయకుమారి.

లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చుంది. సువార్తరావు ఆవిడ మొహం చూసి అంతా రాబట్టాడు. ఆయన దగ్గర ఏదీ దాచడం ఆవిడకి ఎప్పుడూ చేతకాలేదు.

"నాలుగున్నాయి" అంది. "విమానంలో ఎవరిచేతైనా తెప్పిస్తాను. రెండు రోజుల పని. నాలుగంటే సగం. ఆ మిగతా సగం ఎలాగోలా..."

"వద్దు."

"మీరు మాట్లాడకండి."

"మోనికాని అడిగావంటే మన్నాడే పంపేస్తుంది. దాని సంగతి నాకు తెలుసు. అందుకే అడగొద్దు. జబ్బు సంగతి కూడా కాన్పయ్యేదాకా చెప్పొద్దు."

"మరి నా సంగతి? నా సంగతి ఎవడికీ పట్టదా?" జయకుమారి గొంతు వార్డంతా వినబడింది. పక్క మంచం వాళ్ళు తిరిగి చూశారు. "మీరు చలేస్తోందంటే లాక్కున్నాను నేను. నా చేతుల్తో లాక్కున్నాను! అది ఒళ్ళో ఉంచుకుని పడుకోనిచ్చి ఉంటే..."

సువార్తరావు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఎంత తేలిగ్గా ఉందో ఆ చెయ్యి. "నువ్వు లాక్కున్నావు కాబట్టే అక్కడ ఓ ప్రాణం నిలిచింది. మనింట్లో ఇన్నాళ్ళకి ఒక బిడ్డ, జయా. దాన్ని రానీ" అన్నాడు. అని, అలిసిపోయి కళ్ళు మూసుకున్నాడు.

ఆ రోజు ఆవిడకి దేవుడి మీద వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. ఇంటికొచ్చింది. సింకు దగ్గర కడిగి బోర్లించిన రెండు కంచాలు కనబడ్డాయి, చిన్నదీ పెద్దదీ. వాటి వంక చాలాసేపు చూసింది. ఏడు నెలలుగా వేరుచేసిన కంచాలు. అంతకుముందు పదహారేళ్ళు ఆయన కంచంలోనే తింది. ఆ పదహారేళ్ళనీ ఎవరూ చెరపలేరు కదా!

జయకుమారి యాభై నాలుగు కిలోలు. అందులోంచి తీయడానికి ఏముందని ఎవరైనా అడుగుతారు. ఆవిడ ఎవర్నీ అడగనివ్వలేదు.

మర్నాడు అయిదింటికి మాల్ తలుపులు తీసేసరికి అక్కడ నిలబడి ఉంది, ఒక్కతే. ముందు నడవడానికి వెనక మనిషి లేడు. ఎనిమిది రౌండ్లు, పన్నెండు, ఇరవై. చిన్న కంచంలో రెండు రొట్టెల బదులు ఒకటి. మధ్యాహ్నం కీరదోస. ముఖ్తార్ లిఫ్టు తలుపు పట్టుకుని, "మేడమ్, బస్ కరో, గాలికి ఎగిరిపోతావు" అన్నాడు. నాలుగో రోజు కళ్ళు తిరిగి ఓ మూసిన చెప్పుల దుకాణం షట్టర్‌కి ఆనుకుని కూర్చుంది. కాసేపాగి లేచి మిగతా రౌండ్లు పూర్తిచేసింది.

పదకొండో రోజు బాత్‌రూంలో, బకెట్ పక్కన, ఓ ముద్ద కనబడింది. నిమ్మకాయంత. పావు కిలో ఉంటుందేమో. చల్లగా ఉంటే ఇక ఏ దారీ లేదు. జయకుమారి మోకాళ్ళ మీద కూర్చుని, చాలాసేపు ముట్టుకోలేకపోయింది. చివరికి తీసి చెంపకి ఆనించుకుంది.

వెచ్చగా ఉంది.

ఆయన పాత తువ్వాల్లో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దుప్పటి కిందనుంచి ఒళ్ళో పెట్టింది. సువార్తరావు చేత్తో తడిమి చూసి, కళ్ళు తెరిచాడు.

"ఇది నాది కాదే."

"మాట్లాడకుండా పడుకోండి."

ఆయన ఆవిడ మెడ కింద గుంటలవైపు చూశాడు, మోచేతిదాకా జారిన గాజులవైపు చూశాడు. తీసి ఇచ్చేద్దామని చెయ్యి కదిలించబోయాడు. ఆవిడ తన చెయ్యి పైన వేసి, గట్టిగా నొక్కి పట్టుకుంది. కాసేపటికి ఆ వెచ్చదనానికి ఆయన కళ్ళు మూతలు పడ్డాయి.

నిద్ర లేచాక డాక్టర్ సుర్రయ్యా స్వయంగా వచ్చి త్రాసెక్కించింది. అంకె చూసింది. నెలల తర్వాత మొదటిసారి అది కిందికి కాక పైకి కదిలింది. చీటీలో రాసుకుని, జయకుమారి జారిన గాజులవైపు ఓసారి చూసింది. ఆపరేషన్ తేదీ గడిలో పెన్సిల్‌తో నవంబరు అని రాసి, గుండ్రం చుట్టింది.

జయకుమారి ఖాళీ డబ్బా మూత బిగించి లేచింది. తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి సువార్తరావు గొంతు సన్నగా వినబడింది.

"ఎన్ని రౌండ్లు నడిచావే?"

"ఎనిమిది" అని అబద్ధమాడింది జయకుమారి.