అమ్మ చెప్పిన సాక్ష్యం

ఎస్తేరుకు మైకు దొరికితే ఒక పట్టాన వదలదు. ఎల్బీ నగర్‌లో టైర్ల దుకాణం పైనున్న చర్చిలో, ఆదివారం దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయం రాగానే, కూతురు కొంగు పట్టి లాగుతున్నా వినకుండా లేచింది.

"దేవునికి స్తోత్రం. మా ఎలిజబెత్ సముద్రం నీళ్ళు పరీక్ష చేసింది. పడవల వాంతులు చేసుకుంట గుడ చేసింది. గా నీళ్ళల్ల ప్లాస్టిక్ తక్వనే ఉందంట, చేపలకు, పీతలకు ఏం పరేషాన్ లేదంట. దవాఖానల నేల తుడిసే నాకు గిసుంటి బిడ్డనిచ్చిండు!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎలిజబెత్ తల దించుకుని చాప పోగులు పీకుతూ కూర్చుంది.

ఆమె పని చేసేది దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న ఒక ల్యాబులో. తీరాన నైలాన్ తాళ్ళ కర్మాగారం వదిలే నీటికి పీతలు, ఆల్చిప్పలు చస్తున్నాయని అక్కడి ఊరివాళ్ళు ఫిర్యాదు చేశారు. ఎలిజబెత్ వెళ్ళి రెండు రకాలుగా నమూనాలు తీసింది. పడవ వెనక లాగిన వలలో వెయ్యి లీటర్లకు రెండు ప్లాస్టిక్ ముక్కలు పడ్డాయి. బకెట్‌తో ముంచి సన్నటి వడపోత కాగితంలో వడగడితే ఒక్క లీటరుకే పదకొండు నైలాన్ పోగులు తేలాయి. వల కన్ను మిల్లీమీటరులో మూడో వంతు. వెంట్రుక కంటే సన్నని పోగు అందులో ఎందుకు ఆగుతుంది? రవ్వ జల్లెడలో మైదా ఆగుతుందా?

"బకెట్లయి ఇడిసిపెట్టమ్మా," అన్నాడు పై అధికారి ఆనంద్ కుమార్. "పాత రిపోర్టులన్ని వలతోని తీసినయే, ఎట్ల పోలుస్తవ్? అయినా గా పోగులు నీ చున్నీవేమో!"

చున్నీవి కావు. వడగట్టేటప్పుడు పక్కనే మూత తీసి పెట్టిన శుభ్రమైన నీళ్ళ గిన్నెలో ఒక్క పోగూ పడలేదు. అది తెలిసీ నోరు మూసుకుంది, తన కాంట్రాక్టు పొడిగించే నెల మరి. రెండు ముక్కలతోనే లెక్క కట్టి 'ముప్పు తక్కువ' అని సంతకం పెట్టింది. 'వలతో తీసిన నమూనాలు' అని అడుగున చిన్న అక్షరాల్లో వేసి, అబద్ధమేమీ రాయలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. చదువుకున్నవాళ్ళకు ఈ విద్య బాగానే అబ్బుతుంది. "చర్చిల చెప్పొచ్చా బిడ్డా?" అని అమ్మ అడిగితే తల కూడా ఊపింది.

చప్పట్లు ఆగాక ముందు వరసలోంచి పుష్పలత వెనక్కి తిరిగింది. బందరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన నర్సు ఆవిడ.

"ఆ ఫిర్యాదులో మొదటి సంతకం మా తమ్ముడిదేనమ్మా. మన చర్చి పిల్ల అబద్ధం రాయదురా అని నేనే చెప్పాను. రేపు వెళ్ళి వెనక్కి తీసుకుంటానన్నాడు."

ఎలిజబెత్ పీకుతున్న చాప పోగును వదిలేసింది.

"సాక్ష్యం చెప్పేటోళ్ళు ఇంకెవరన్న ఉన్నరా?" అడిగాడు పాస్టర్ దేవానందం.

ఎలిజబెత్ లేచింది. కూతురు కూడా స్తోత్రం చెబుతుందనుకుని ఎస్తేరు మురిసిపోతూ మైకు అందించింది.

"మా అమ్మ చెప్పింది నిజం కాదు," అంది ఎలిజబెత్. వల గురించి, బకెట్ గురించి, దాచిన పదకొండు పోగుల గురించి చెప్పింది. "పుష్పలతాంటీ, తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చెయ్యండి. ఫిర్యాదు ఉండనియ్యమనండి. అసలు లెక్క రేపు నేను రాసిస్త."

ఈసారి చప్పట్లు లేవు. పుష్పలత ఫోన్ తీసుకుని మెట్ల వైపు వెళ్ళింది.

ఎలిజబెత్ వచ్చి పక్కన కూర్చుంది. ఎస్తేరు ముసుగు ముఖం మీదికి లాక్కుంది.

"తెలిసి గుడ, దేవుని ముంగట నాతోని ఎందుకు చెప్పించినవ్ బిడ్డా?"