పన్నెండు కోతల సైకిలు

సింహగిరిపైన వెలసిన శ్రీనృసింహ!
కడలి దాటిన పెద్దల కరము పట్టి
నడిపినట్టి నీ కరుణయే నడుపుఁగాక
కథను చెప్పెడి నోటిని, కలము నిపుడు.

బర్మా దేశపు యాంగోన్ నగరంలో, చిమిండైంగ్ పేటలో, నది ఒడ్డు బజారుకు రెండు వీధుల ఇవతల కన్నారావు అనే సైక్కా తొక్కేవాడు భార్య పైడితల్లితో, కూతురు సత్యశ్రీతో కాపురముంటున్నాడు. సైక్కా అంటే సైకిలుకు ప్రక్కగా రెండు పీటలను వీపులు కలిసేటట్టు బిగించిన మూడు చక్రాల బండి. ముందుకు చూసే పీట మీద సత్యశ్రీ తన అయిదవ ఏట మొదటిసారి కూర్చున్నది. ఇరవై ఒక్క సంవత్సరాలు గడిచినా ఉదయం ఏడున్నరకు ఆ పీట ఆమెదే. అప్పుడు బడికి, ఇప్పుడు సంచౌంగ్‌లో మందులు పంపిణీ చేసే కంపెనీకి.

ఆ ప్రయాణానికి ఒక నియమం ఉన్నది. బజారు మలుపు దాటగానే కన్నారావు ఒక పద్యపాదం ఎత్తుకుంటాడు. తరువాతి పాదం సత్యశ్రీ అందుకోవాలి. తెలుగు అక్షరాలను కూడబలుక్కొని గాని చదవలేని ఆ పిల్ల నోట నూటికి పైగా పద్యాలు నిలిచినవంటే, అవన్నీ ఆ పీట మీద నిలిచినవే. తెలుగు నేల నుండి ఓడలో వచ్చి రేవులో మూటలు మోసిన తాత నుండి కన్నారావుకు సంక్రమించిన ఆస్తి అదొక్కటే.

ఒక మంగళవారం అతడు పాదం ఎత్తుకోబోయేసరికి కూతురి చేతిలో ఒక కాగితం కనిపించింది.

“ఏటమ్మా ఆ కాయితం?”

“ఆఫీసోలిచ్చారు నాన్నా. బస్సులు సరిగా నేవు కదా, కావలిసినోలకి సైకిలిస్తారంట. డబ్బులు ఒక్కసారే కట్టక్కర్నేదు. పన్నెండు నెలలు జీతంలో కోసుకుంటారు.”

“కోసుకుంటారా.”

“నెలకింతని.”

“మా తాతకీ అలాగే కోసేవోడు మేస్త్రీ. ఓడ టికెట్టుకని ముందిచ్చి, తరవాత కూలిలో కోత ఎట్టాడు. ఆ టికెట్టు తీరేసరికి మా అయ్యకి మీసాలొచ్చీసినాయి.”

“ఇది మేస్త్రీ కాదు నాన్నా. హెచ్చార్.”

“పేరు మారింది. అంతే.”

ఆ ఉదయం పద్యం లేదు. కాగితం చివర ఇంటి పెద్ద హామీ సంతకం కావాలని వ్రాసి ఉన్నది. ఆ మాట చెప్పడానికి సత్యశ్రీకి ధైర్యం చాలలేదు.

మధ్యాహ్నం ఆమె ఆ వ్యవహారం చూసే డా ఖిన్ ఏ అనే బర్మా ఆవిడ (‘డా’ అంటే అక్కడ ‘గారు’ వంటిది) బల్ల దగ్గరకు వెళ్ళి సందేహాలన్నీ అడిగింది. పన్ను లెక్కకట్టక ముందే కోత పడుతుంది గనుక పన్ను తగ్గుతుందని కాగితంలో మొదటి వాక్యం. సత్యశ్రీ జీతం పన్ను కంటికి ఆనేటంత ఎత్తు ఇంకా ఎదగలేదు. ఆ లాభం ఆమెకు లేదు. వడ్డీ లేదు, అది లాభమే. ఏడాది నిండేవరకు సైకిలు కంపెనీ పేర ఉంటుంది. నడుమ ఉద్యోగం మానితే మిగిలినదంతా ఆఖరి జీతంలో ఒక్కసారే పోతుంది. సైకిలు ముఖ్యంగా పనిలోకి వచ్చి పోవడానికే వాడాలి.

“మీ నాన్నగారు రోజూ దింపుతారు కదా, నీకెందుకు?” అని డా ఖిన్ ఏ బర్మా భాషలో అడిగింది. సత్యశ్రీ నవ్వి కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నది.

ఆ ‘ఎందుకు’కు జవాబు ఆ సాయంకాలం తల్లితో చెప్పింది. పైడితల్లి గుమ్మంలో గోంగూర ఆకు దూస్తున్నది.

“రైలు వంతెన ఎత్తు దగ్గర నాన్న దిగిపోయి తోస్తన్నాడమ్మా. రెండు నెలలయింది. అడిగితే ఎదురు గాలంటాడు. ఆకు కూడా కదలని రోజున ఎదురు గాలేటి?”

“మోకాలు నొప్పని నాతో ఒక్కనాడూ అన్లేదు” అన్నది పైడితల్లి. “నూనె సీసా మాత్రం నాలుగు రోజులకోసారి కాళీ అయిపోతంది. దీపానికే అయిపోతందని నాను నమ్మేస్తన్నాననుకుంటన్నాడు.”

“మానేయమని నువ్వు సెప్పవే.”

“సెప్తే రేపట్నుంచి ఇంకో రెండు బాడుగలు ఎక్కువేస్తాడు. ఆ మొండితనం సూసే మా అయ్య పిల్లనిచ్చాడు. నువ్వే సెప్పు. నీ మాటయితే ఇంటాడు.”

సత్యశ్రీ చెప్పలేదు. ‘నీవు నన్ను మోయలేవు’ అని తండ్రితో అనగల మాట తాను నేర్చిన నూరు పద్యాలలో ఎక్కడా లేదు. సైకిలు వస్తే ఆ మాట అనకుండానే ఆయన కాళ్ళకు విశ్రాంతి దొరుకుతుందని ఆమె ఆశ. నెలనెలా పోయే కోత ఆమెకు బరువు కాదు. ఆ పీట ఖాళీ కావడమే బరువు.

బుధవారం, గురువారం సైక్కా మౌనంగా నడిచింది. శుక్రవారం వంతెన ఎత్తు రాగానే కన్నారావు దిగి బండి తోయసాగాడు. సత్యశ్రీ కూడా దిగి రెండవ వైపు చేయి వేసింది.

“కూకో అమ్మా. జనం సూస్తారు.”

“సూడనీ.”

కొంత దూరం ఇద్దరూ తోశారు. అతడు ముందు చక్రం వైపే చూస్తూ అన్నాడు.

“నా బండెక్కడం నామోషీ అయితే సెప్పీయమ్మా. ఆపీసులో నలుగురూ కార్లు దిగుతారు. నువ్వు సైక్కా దిగుతావు. నాకు తెల్దా. దానికి కాయితాలెందుకు?”

సత్యశ్రీ చేయి ఆగిపోయింది. ఈ మూడు రోజులు ఆయన మనసులో తిరిగినది తాత కాదు, మేస్త్రీ కాదు, ఈ మాట అని అప్పటికి తెలిసింది.

“నామోషీ అయితే రోజూ గేటు లోపలిదాకా ఎందుకు తెమ్మంటాను నాన్నా? నీ మోకాలు గురించి. నువ్వు దాస్తన్నావు, నాను సూస్తన్నాను.”

“మోకాలు నాది.”

“నాన్న నాకు.”

కన్నారావు బండిని ప్రక్కకు తీసి ఆపి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.  తరువాత తగ్గు స్వరంతో అన్నాడు.

“నిన్ను దింపీసినాక సాయంత్రందాకా ఎవులెవులో ఎక్కుతారు. అందరితోనూ బర్మా మాటే. మా ఈడోలు ఎల్లిపోయినారు, ఉన్నోల పిల్లలకి తెలుగు రాదు. ఇంటికొచ్చేసరికి మీయమ్మ తిట్టడానికి తప్ప నోరిప్పదు. నాను తెలుగు మాటాడేది ఈ అరగంటే తల్లీ. ఆ అరగంటని నెలకింతని కోసుకుంటారు కాబోలు అనుకున్నాను.”

సత్యశ్రీకి కళ్ళు నిండినవి. ఏడవలేదు. ఇన్నాళ్ళు కాగితంలోని షరతులన్నీ తూచింది గాని ఈ కోత అందులో వ్రాసి లేదు.

“నాన్నా, సైకిలైతే నాకు పావుగంటే పడతాది. నాను ఏడున్నరకే ఇంట్లోంచి బయల్దేరతాను. మిగిలిన పావుగంట నీదే. మీ సైక్కాల స్టాండు దగ్గర టీ కొట్టుంది కదా, అక్కడ కూకుందాం.”

“టీకి డబ్బులెవులిస్తారు?”

“నువ్వే. నా జీతం కోతలో ఉంది.”

కన్నారావు నవ్వును మీసంలో దాచుకోవాలని చూశాడు. దాగలేదు. “అరగంట పావుగంట అయిపోయింది సూడు. కోత కోతే” అని, “ఇంటిపెద్ద సంతకం అడుగుతారు కదా, ఎక్కడ?” అన్నాడు.

సైక్కా పీట మీదనే కాగితం పరచి, తన పేరును తెలుగులో నిదానంగా వ్రాశాడు. ఆ మధ్యాహ్నం డా ఖిన్ ఏ ఆ గుండ్రని అక్షరాలను చాలాసేపు చూసింది. తమ లిపే అనిపించి, చదవలేక, చివరకు ముద్ర వేసింది.

మరుసటి నెల సైకిలు వచ్చింది. పైడితల్లి దానికి పసుపు పూసి, చక్రం క్రింద నిమ్మకాయ పెట్టి, “నెమ్మదిగా ఎల్లమని నీకు సెప్పక్కర్నేదు, లారీలకి సెప్పాల” అని దీవించింది.

సోమవారం ఏడున్నర దాటిన కొద్దిసేపటికి తండ్రీ కూతుళ్ళు టీ కొట్టు ముందు పొట్టి పీటల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. కన్నారావు కాళ్ళు చాపుకొని, టీ ఒక గుక్క త్రాగి, పాదం ఎత్తుకున్నాడు. సత్యశ్రీ తరువాతి పాదం అందుకున్నది.

ఇరవై ఒక్క ఏళ్ళు ఆయన ప్రక్కనే కూర్చుని, ఆయన చూసే దారినే చూస్తూ ఆమె పద్యం చెప్పింది. ముఖాముఖి చెప్పడం ఇదే మొదలు. తన వంతు వచ్చినప్పుడు తండ్రి పెదవులు చప్పుడు లేకుండా తనతో పాటు కదులుతాయని, ఎక్కడ తప్పుతుందో అని ఆ కళ్ళు ప్రతి అక్షరానికి కాపలా కాస్తాయని ఆమెకు ఆనాడే తెలిసింది. తెలిసిన పాదమే అయినా నడుమ ఆగిపోయింది.

“మర్సిపోయావా?”

“నేదు నాన్నా. ఇంకోసారి మొదట్నుంచీ సెప్పు.”

వినిన వారి యిండ్లందున వెలుఁగు నిలిచి,
తండ్రి బిడ్డల నడుమను తరుగకుండ
మాట సాగుత! శుభములు మరల మరల
నెల్లవారికి నెల్లెడ నెసఁగుఁ గాక!