మా ఆయనకి చెప్పారట

"తగ్గిపోయింది కదా, ఇంకేంటి?"

ఈ మాట నాతో అనని మనిషి మా పేటలో లేడు. చేపల గంప తెచ్చి నా ముందు పెడుతూ మా ఆయన బాలస్వామి అంటాడు. అన్నం దించడం కాస్త ఆలస్యమైతే మా అత్త వెంకాయమ్మ అంటుంది. రేపల్లె బజారులో తూకం వేసేటప్పుడు నేను చెయ్యి మార్చుకుంటే, బేరమాడే వాళ్ళు కూడా అదే అంటారు. రొమ్ము తీసేశారు, ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది, కూర్చుని అన్నం తింటున్నాను, అప్పుడప్పుడూ నవ్వుతున్నాను కూడా. కాబట్టి తగ్గిపోయినట్టే. మా పేటలో ఆడదానికి జబ్బు చేస్తే మంచం, తగ్గితే గంప. ఈ రెంటికీ మధ్య కూర్చోవడానికి పీట కూడా వెయ్యరు.

కుడి చెయ్యి మాత్రం తగ్గలేదు. ఆపరేషన్‌లో చంకలో గడ్డలు కూడా తీశారట. అప్పట్నుంచి సాయంత్రమయ్యేసరికి ఆ చెయ్యి బరువెక్కుతుంది. ముందు వేళ్ళు ఉబ్బాయి, తర్వాత మణికట్టు, ఇప్పుడు మోచెయ్యి దాకా వచ్చింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంది. ఆ చేత్తోనే చేపల పొలుసు గీస్తాను, ఇంటిల్లిపాది బట్టలూ ఉతుకుతాను, చుట్టకుదురు సర్దుకుని గంప నెత్తికెత్తుకుంటాను. చేప ముల్లు గుచ్చుకుంటే ఉప్పునీళ్ళలో ముంచి మళ్ళీ పనిలో పడటం మాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. చెయ్యి లాగుతోందయ్యా అంటే మా ఆయన, "ఇన్నాళ్ళూ పని మానేశావుగా, చేస్తా ఉంటే అదే సర్దుకుంటది" అన్నాడు. ఆస్పత్రిలో డాక్టర్లతో మాట్లాడిందంతా ఆయనే. ఆయనకి తెలియకుండా ఉంటుందా అనుకున్నాను.

ఇక్కడ మగవాళ్ళు చేపలు పడతారు, అమ్మరు. తుఫాను కబురు విని కూడా సముద్రంలోకి పోతారు గానీ, గంప పెట్టుకుని బజారులో కూర్చోమంటే వాళ్ళకి తల కొట్టేసినట్టుంటుంది. నేను మంచాన పడ్డప్పుడు కూడా మా ఆయన ఒడ్డునే షావుకారుకి అయినకాడికి తెగనమ్మాడు గానీ గంప ముట్టుకోలేదు. పాపం, పరువు గల మనిషి.

వేట నిషేధం అయిపోయి బోట్లు కదిలే పొద్దున అత్త నా చేతులు చూసింది. వాపు వల్ల కుడిచేతి గాజులు ఎప్పుడో తీసేశాను. "మొగుడు సముద్రం మీదికి పోతుంటే బోడి చెయ్యేంటే? నీకు రోగమొస్తే వాడు ఆస్పత్రులు తిప్పాడు. వాడికేదన్నా అయితే నువ్వు తెచ్చిస్తావా?" అంది. చేతికి సబ్బునీళ్ళు రాసి, వేళ్ళు ముడిచి నొక్కి, ఎర్రగాజులు ఎక్కించింది. ఒకటి పగిలి గీరుకుంది. నా కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే మా ఆయన చూశాడు. చూసి, వల భుజానేసుకుని పోయాడు.

రెండో రోజుకి చెయ్యి ఎర్రగా కందిపోయి, గాజులు కండలోకి దిగబడి, ఒళ్ళంతా చలిజ్వరం పట్టుకుంది. వాటిని పగలగొట్టమంటే, "వాడు ఒడ్డుకి రాకముందే గాజులు పగలగొడతావా, నీకు మతుందా" అని అత్త ఒంటికాలి మీద లేచింది. తోడు కూడా రానంది. ఒక్కదాన్నే రేపల్లె పోయి గుంటూరు రైలెక్కాను. మా ఆయన లేకుండా ఆస్పత్రికి వెళ్ళడం అదే మొదటిసారి.

నర్సు గాజులు కత్తిరించి, ఇంజక్షను చేసి, కసరత్తులు చేయించే మేడం గది ముందు కూర్చోబెట్టింది. బల్ల మీద నా పక్కన తెనాలి పాండురంగారావుగారి భార్య ఉంది. ఆవిడ పేరేంటో ఇప్పటికీ తెలీదు, అక్కడందరూ అట్లాగే పిలుస్తారు. ఇద్దరికీ ఒకే వారం ఆపరేషన్, ఒకే డాక్టరు. ఆవిడది ఏసీ గది, నాది తెల్లకార్డు మీద జనరల్ వార్డు. ఆవిడ కుడి చేతికి ఒంటిరంగు మేజోడు లాంటి తొడుగుంది. దాని కింద చెయ్యి మామూలుగా ఉంది.

"అయ్యో, ఇంత వాచిందేంటమ్మా? గోడ మీద వేళ్ళు పాకించే కసరత్తు రోజూ చెయ్యట్లేదా?" అంది.

"ఏం కసరత్తండి?"

"అదేంటి, చెప్పలేదూ? ఆ చేత్తో బరువులెత్తకూడదు, గాటు పడనివ్వకూడదు, బిగుతుగా ఏదీ వేసుకోకూడదు. నన్ను కూర్చోబెట్టి గంటసేపు చెప్పారు. తర్వాత ఓ అమ్మాయి ఇంటికొచ్చి చేయించింది." నా మొహం చూసి జాలిపడింది కాబోలు, "జబ్బుకి కులమూ లేదు, డబ్బూ లేదమ్మా. అందరికీ ఒకటే" అని నా భుజం నిమిరింది. మంచి మనిషే. జబ్బుకి లేకపోవచ్చు. తగ్గడానికి అన్నీ ఉన్నాయి.

లోపల మేడం నా చెయ్యి పట్టుకుని చూసి, "ఈ చేతికి జాగ్రత్తలన్నీ ఇంటికి పంపే రోజే చెప్పాను కదమ్మా" అంది.

"నాకు చెప్పలేదండి."

"నీకు కాదు, మీ ఆయనకి. నువ్వు వరండాలో ఉన్నావు. చదువురాని వాళ్ళు కంగారు పడతారని ఆయన్ని పిలిచి చెప్పాను. అన్నిటికీ తలూపాడే."

"నేను పది పాసయ్యానండి. ఆయనే అయిదు దాటలా."

మేడం కుర్చీ నా వైపు లాక్కుంది. వేళ్ళ దగ్గర్నుంచి పైదాకా పట్టీ చుడుతూ, ఇలాంటి జ్వరం మళ్ళీ వస్తే చెయ్యి పనికిరాకుండా పోవచ్చనీ, వాపు తీసేదాకా వారంవారం రావాలనీ నిదానంగా చెప్పింది. ఈసారి నాకే చెప్పింది.

మా ఆయన వేట నుంచి రాగానే అడిగాను. అబద్ధమాడతాడని ఆశపడ్డాను. ఆడలేదు.

"చెప్పింది. గంప ఎత్తొద్దంది, కత్తిపీట ముట్టొద్దంది. నీకు చెప్తే పని మానేసి కూర్చుంటావని చెప్పలా. అయ్యన్నీ తెనాలి ఆడోళ్ళకి గానీ మనకి కుదిరే పనులా? నిన్ను బతికించుకున్నా గదా, ఇంకేంటి?"

బతికించుకున్నాడు, కాదనను. వార్డు బయట తిండీ నిద్రా లేకుండా కూర్చున్నాడు. అది తలుచుకుని నేను ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలుసు. చెడిపోయిన బోటు ఇంజనుకి కూడా ఆయన అట్లాగే కాపలా కూర్చుంటాడు. ఆ ఏడుపంతా తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. చెయ్యి పోయినా ఫరవాలేదనుకున్న మనిషికి చేతులెత్తి మొక్కాను.

మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాల్సిన పొద్దున గుమ్మం ముందు గంప దించాడు. నిండా కానాగంత చేపలు, ఇంకా మెరుస్తున్నాయి. నేను తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని బయటికొచ్చాను.

"ఎత్తుకో, బస్సు వచ్చిద్ది" అన్నాడు.

"నువ్వెత్తుకో. నేను గుంటూరు పోతున్నా, పట్టీ కట్టించుకోవాలి."

"మగోణ్ణి, గంప నెత్తిన పెట్టుకుని బజార్లో కూర్చోమంటావా?"

"కూర్చుంటావో మానుకుంటావో నీ ఇష్టం. నేను మాత్రం ఇంక ఎత్తను."

చుట్టుపక్కల గుమ్మాల్లోంచి ఆడవాళ్ళు చూస్తున్నారు. ఆయన గంప వైపు చూశాడు, వాళ్ళ వైపు చూశాడు, అక్కడే నిలబడిపోయాడు. అత్త నా వెనకే రోడ్డు దాకా వచ్చింది.

"ఎండెక్కితే చేపలన్నీ కుళ్ళిపోతాయే" అంది.

"కుళ్ళనీ అత్తా. చేపలు రేపు మళ్ళీ పడతాయి" అని చెప్పి, రేపల్లె బస్సెక్కాను.