మరిడమ్మ నవ్విన ఫొటో

ఆ ఆదివారం ఉదయం సత్తియ్య మా ఇంటికి వచ్చేసరికి నేను ఇంకా కాఫీ కలుపుకోలేదు. గేటు దగ్గరే చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"బావా, రేపు మరిడి పెదకార్యం. అప్ప తీసిన ఫొటో నీ కంప్యూటర్లో ఉండాల గదా. అది కావాల."

సత్తియ్యది బుచ్చయ్యపేట దగ్గర మా అత్తవారి ఊరు. మా ఆవిడ లక్ష్మీకుమారి పుట్టింటి గోడకి అవతల గోడ వాళ్ళది. ఆమెని చిన్నప్పటి నుంచీ అక్క వరసలో అప్ప అనే పిలిచేవాడు, అందుకని నేను బావనయ్యాను. అప్ప పోయి రెండేళ్ళయినా ఆ పిలుపు నాకు మిగిల్చాడు. ఇప్పుడు అతని భార్య మరిడమ్మ పోయింది.

చంకలోని సంచీలోంచి ఒక ఫొటో తీసి నా చేతికిచ్చాడు. ఓటరు కార్డు మీది బొమ్మనే స్టూడియోలో పెద్దది చేయించాడు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. పెదాలు బిగించి ఉన్నాయి. ముఖమంతా బూడిదరంగు చుక్కలు.

"ఇది మరిడేనేటి? మా మనవరాలు సూసి 'ఎవులు తాతా ఈ ముసిల్ది' అంది. రేపు సుట్టాలందరూ వచ్చి దీని ముందర ఏడవాలంట."

మరిడమ్మకి ఫొటోలంటే పడదు. పెళ్ళినాడు కూడా తీయించుకోలేదట. మూడేళ్ళ కిందట మా బావమరిది వెంకటరమణ తన ఆఫీసు కెమెరా ఒకటి తెచ్చాడు. ఫ్లాపీ మీద ఫొటోలు తీసే కెమెరా. మా ఆవిడ దాంతో పెరట్లో మరిడమ్మని ఒక్కసారి తీసింది. ఫొటో కంప్యూటర్లోకి ఎక్కించాక ఫ్లాపీలు అతను పట్టుకుపోయి, చెరిపి ఆఫీసు పనికి వాడేశాడు. ఆ మనిషి అసలు ముఖం ఆ ఫొటోలో తప్ప లోకంలో మరెక్కడా లేదు.

"తీసిద్దాం, రా" అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా ఎలా అన్నానో తెలియదు. పుష్యమాసం నుంచి ఆ కంప్యూటర్ మీట నొక్కలేదు.

నొక్కాను. లోపల ఫ్యాను తిరిగింది, పచ్చదీపం వెలిగింది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. పెట్టెలోంచి 'కూ' అని ఒక పొడుగు కూత వచ్చింది. ఆగింది. మళ్ళీ 'కూ'.

"ఏటంటంది?" అన్నాడు సత్తియ్య.

"బాగాలేదంటోంది."

మా కంప్యూటర్ చూసే త్రినాథ్‌కి ఫోన్ చేశాను. అతని షాపు స్టేషన్ రోడ్డులో ఉంది. నూకాలమ్మ జాతర నెల, అందులోనూ ఆదివారం. ఫోన్లో అతని గొంతు కన్నా డప్పులే ఎక్కువ వినిపించాయి.

"పొడుగు కూతేనా సార్? అయితే ర్యామ్. ప్లగ్ పీకేసి, పక్క రేకు విప్పండి. పచ్చ బద్ద ఒకటి నిలబెట్టి ఉంటాది. రెండు పక్కలా చెవులు నొక్కితే బయటికొస్తాది. దాని అంచున బంగారం రంగు పళ్ళుంటాయి, పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్ళీ గుచ్చండి. గట్టిగా గుచ్చండి సార్, భయపడకండి. నేను పిల్లల్తో గుడి లైన్లో ఉన్నాను."

మేడమీద అద్దెకున్న టీచరు సత్యవేణి రబ్బరు ఇచ్చింది. సత్తియ్య స్క్రూలు విప్పాడు. రేకు తీయగానే గదంతా బెల్లం వాసన వచ్చింది.

పెట్టె లోపల ముందువైపు గోధుమరంగు ధార ఒకటి పైనుంచి కిందికి జారి గట్టిపడి ఉంది. ఫ్లాపీ పెట్టే చోటు పూర్తిగా మూసుకుపోయింది. తీగల మీద చచ్చిన చీమలు, బతికిన చీమలు. ఆ బద్ద పక్కన కూడా ఒక బొట్టు.

లక్ష్మీకుమారి పుట్టింటివాళ్ళది బెల్లం వ్యాపారం. ఏటా కొత్త బెల్లం మొదటి ముద్ద ఎవరూ రుచి చూడకముందే కాటా మీద పెట్టి దణ్ణం పెట్టేవారు. మా ఇంట్లో కాటా లేదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఆ ముద్దని కుట్టుమిషను మీద పెట్టేది, కంప్యూటర్ వచ్చాక దాని నెత్తిన పెట్టింది. సాయంత్రం తీసి వీధిలో పిల్లలకి పంచేది. ఆమె పోయాక ఆ పని సత్తియ్య తీసుకున్నాడు. ఈ ఏడు ముద్ద పెట్టి దణ్ణం పెడుతుండగానే మరిడమ్మకి జ్వరం ఎక్కువైందని కబురొచ్చింది. ఇద్దరం పరిగెత్తాం. తరవాతవన్నీ విశాఖ ఆసుపత్రి రోజులు. ఎప్పుడో తిరిగివచ్చి చూస్తే ముద్ద కరిగి చీమలు పట్టి ఉంది. పారేసి, పైన గుడ్డతో తుడిచాను. లోపలికి కూడా దిగి ఉంటుందని నాకు తోచలేదు.

"పాత పెట్టె గదా, దుమ్మూ జిడ్డూ" అన్నాను.

సత్తియ్య వేలితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గానుగ దగ్గర పుట్టిన మనిషికి నేను దుమ్మని చెబుతున్నాను.

"మా పాకందే బావా. నానే గదా పెట్టేను. దండవెట్టి మరీ సంపేసేను దీన్ని."

"నువ్వు పెట్టకపోతే మీ అప్ప ఊరుకునేదా? నిన్ను తిట్టేది."

"తిట్టేది" అని ఒప్పుకున్నాడు. ఆ మాట అతనికి కొంచెం ఊరట ఇచ్చినట్టుంది. వేలు పంచెకి తుడుచుకున్నాడు.

దూదిని స్పిరిట్‌లో ముంచి అందినంత మేర తుడిచాం. బద్ద పళ్ళు రబ్బరుతో రుద్ది గుచ్చాను. గట్టిగానే. మీట నొక్కాను. కూత రాలేదు. ఒక చిన్న 'టిక్' వినబడి, స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు పడ్డాయి. ఎంతో కాలం తరవాత ఇంట్లో ఎవరో పలికినట్టు అనిపించింది.

"ఏటి రాసేడు?"

"కీబోర్డు లేదట. ముందుకెళ్ళాలంటే కీబోర్డు మీద ఎఫ్-వన్ నొక్కమంటున్నాడు."

"బోర్డు లేదంటాడు, మళ్ళీ బోర్డు నొక్కమంటాడు. మా సొసైటీ గుమస్తాలాగున్నాడు బావా ఈడు."

చాలా రోజుల తరవాత సత్తియ్య నోట హాస్యం విన్నాను. కీబోర్డు వైరు వదులైంది. ఆపి, మళ్ళీ గుచ్చి, మళ్ళీ వెలిగించాను. ఈసారి నీలం తెర వచ్చి, డిస్కు తనిఖీ చేస్తున్నానంటూ పసుపుపచ్చ గీత పాకసాగింది. పెట్టె లోపల ఎవరో చేటలో బియ్యం చెరుగుతున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు ఇదివరకు లేదు. దాని గురించి సత్తియ్యకి చెప్పలేదు. చెప్పి చేయగలిగింది కూడా లేదు.

చివరికి మా ఆవిడ పెట్టుకున్న మందారప్పువ్వు బొమ్మ స్క్రీన్ మీద వచ్చింది. ఫొటోల డబ్బా తెరిచి, పేరు మీద నొక్కాను.

పాత మిషను కదా, బొమ్మ పైనుంచి కిందికి గీతలు గీతలుగా దిగింది. ముందు పాపిడి. తరవాత నుదురు, పెద్ద బొట్టు. కాసేపు అక్కడే ఆగిపోయింది. తరవాత కళ్ళు, ముక్కుకి రెండువైపులా పుడకలు, ఆ కింద పళ్ళు. మరిడమ్మ నవ్వుతోంది. ఎండ ఎడమ చెంప మీద పడుతోంది.

అంతవరకూ నిలబడే ఉన్న సత్తియ్య నేలమీద కూర్చుండిపోయాడు.

"ఇదీ" అన్నాడు. "ఇదీ మరిడంటే."

చూపించగలిగాను కానీ, ఆ బొమ్మని పెట్టెలోంచి బయటికి తీసే దారి కనబడలేదు. ఫ్లాపీ దారి బెల్లంతో పూడిపోయింది. సత్యవేణి తన ప్రింటర్ కిందికి తెచ్చిపెట్టింది. పాపం, కాగితాలు కూడా తెచ్చింది. దాని వైరుకి ఉన్నది యూఎస్‌బీ మూతి. నా పెట్టెకి ఆ కన్నమే లేదు. ఆ కన్నాలుండే కార్డు ఒకటి త్రినాథ్ ఎప్పుడో ఇచ్చాడు. తరవాత పెట్టుకుందామని సొరుగులో ఉంచాను. మళ్ళీ అతనికి ఫోన్ చేశాను.

"కార్డు పెట్టాలంటే కరెంటు తీసెయ్యాలి సార్. తీస్తే మళ్ళీ లేస్తుందా లేదా నేను చెప్పలేను. ఆ గరగర నాకు ఫోన్లోనే వినపడుతోంది, అది హార్డ్‌డిస్కు. వద్దు, ఆపకండి. అలాగే వదిలేయండి. సాయంత్రం ల్యాప్‌టాప్, కేబులు పట్టుకొస్తాను. ఆపకుండానే లాగేద్దాం."

నా యూపీఎస్ బ్యాటరీ చచ్చి చాలా కాలమైంది. వేసవి కరెంటు కోత మధ్యాహ్నం ఎప్పుడైనా పడొచ్చు. అయితే ఆదివారాలు కోత ఉండదు. మాకు ఉన్న ధైర్యమల్లా అదే. సత్తియ్యకి అంతా వివరించి చెప్పాను. ఇప్పుడే ఆపి కార్డు పెట్టి చూద్దామా, సాయంత్రందాకా ఆగుదామా, నువ్వే చెప్పమన్నాను. అతని మీదకి తోశానని కాదు, ఆ ముఖం మీద హక్కు అతనిది.

స్క్రీన్ వైపు చెయ్యి చూపాడు.

"మరిడికి నిప్పెట్టింది నానే బావా. మళ్ళీ ఈ సేత్తోనే ఆర్పమంటావేటి? నవ్వుతున్నాది. ఉండనీ."

ఉండనిచ్చాను. కానీ ఊరికే కూర్చోలేకపోయాను. స్క్రీన్ మీది బొమ్మనే ఫొటోగ్రాఫరు చేత కెమెరాతో తీయిస్తే? గీతలు పడినా ఓటరు కార్డు కన్నా నయమే. ఎండలోనే బయల్దేరాను. స్టూడియోకి తాళం వేసి ఉంది. ఎదురు కిళ్ళీకొట్టు ఆమె, "ఫొటోల రాములు అమ్మోరి గుళ్ళో ఉన్నాడండి, జాతర ఫొటోలు తీత్తన్నాడు" అంది. జనంలో తోసుకుంటూ వెళ్ళి, తలనీలాలిచ్చే చోట అతన్ని పట్టుకున్నాను. విషయం చెప్పాను. ఎదురుగా గుండుతో నవ్వుతూ నిలబడ్డ కుటుంబాన్ని "ఒక్క అరగంటండి" అని బతిమాలి, కెమెరా మెడలో వేసుకుని, తన మోపెడ్ మీద నన్ను ఎక్కించుకున్నాడు. లోకంలో మంచివాళ్ళు ఇంతమంది ఉన్నారు.

మా వీధి మలుపు దగ్గర చెరకురసం మిషను తిరగడం ఆగిపోయింది. కొట్టువాడు పైకి చూసి ఎవర్నో తిట్టాడు. పక్కనే మంగలిషాపులో రేడియో కూడా ఆగింది.

"కోతండి" అన్నాడు రాములు, బండి ఆపకుండానే.

ఇంట్లో అడుగుపెట్టేసరికి సత్తియ్య కుర్చీకి బారెడు దూరంలో, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"నాను ముట్టుకోలేదు బావా. ఒట్టు. మాటాడతన్నాను, అంతే. మాటాడతన్నాను, పోయింది."

"నువ్వేం చేయలేదు. కరెంటు పోయింది. ఊరంతా పోయింది."

"ఊరంతానా?"

"ఊరంతా."

అప్పుడు చేతులు దించాడు. రాములు డబ్బు మాట ఎత్తనివ్వలేదు. "కరెంటొచ్చేక కబురంపండి, ఎంత రాత్రయినా వత్తాను" అని వెళ్ళిపోయాడు. సత్యవేణి మజ్జిగ తెచ్చింది. ముగ్గురం నల్లటి స్క్రీన్ ముందు కూర్చుని తాగాం.

పొద్దు వాలాక కరెంటు వచ్చింది. మీట నొక్కాను. కూత లేదు. తెల్ల అక్షరాలు వచ్చాయి, ఆగిపోయాయి. చెరిగే చప్పుడు పోయి, గోడ గడియారంలా 'టక్ టక్' మొదలైంది. త్రినాథ్ అన్నట్టుగానే వచ్చాడు, నుదుట కుంకుమతో, తడిసిన చొక్కాతో. కేబులు మార్చాడు, డిస్కుని విప్పి మరోవైపు తిప్పి పెట్టాడు, చెవి ఆనించి విన్నాడు. చివరికి స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు.

"డిస్కుని చదివే లోపలి ముల్లు పోయింది సార్. హైదరాబాదులో ఇలాంటివి విప్పి చూసేవాళ్ళున్నారంటారు. వస్తుందని మాత్రం చెప్పలేను. రేపటికైతే..."

"రేపటికే బాబూ పెదకార్యం" అన్నాడు సత్తియ్య మెల్లగా. కోపం లేదు. తెలియక అడిగినవాడికి చెప్పినట్టు చెప్పాడు. త్రినాథ్ తల దించుకుని వైర్లు చుట్టుకున్నాడు. చివరి బస్సుకి సత్తియ్యని ఎక్కించి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే వాళ్ళ ఊరు వెళ్ళాను. అరుగు మీద పీట వేసి, ఆ బూడిదరంగు ఫొటోకే దండ వేశారు. చుట్టాలు వస్తున్నారు, దాని ముందు ఏడుస్తున్నారు. సత్తియ్య వచ్చినవాళ్ళ దగ్గరికల్లా వెళ్ళి, "అది కాదు, అలాగుండదు. నిన్న సూసేను. నవ్వుతున్నాది. బావనడుగు, బావా సూసేడు" అంటున్నాడు. వాళ్ళు నా వైపు చూసేవారు. నేను అవునని తలూపేవాణ్ణి. అంతకన్నా చేయగలిగింది లేకపోయింది.

మరిడమ్మ తల్లి సీతాలమ్మ ఒక మూల చాప మీద కూర్చుని ఉంది. ఆవిడకి చూపు పోయి చాలా ఏళ్ళయింది. పీట మీద ఏ ఫొటో ఉన్నా ఆవిడకి ఒకటే. నా గొంతు వినగానే చెయ్యి చాపి, నా మణికట్టు వెతికి పట్టుకుంది.

"అల్లుడంటన్నాడు, నువ్వూ సూసేవట గదా. ఎలాగున్నాది బాబూ?"

చెప్పాను. పాపిడి నుంచి మొదలుపెట్టాను. బొట్టు, రెండు పుడకలు, ఎడమ చెంప మీది ఎండ. ఎర్రంచు చీర చెంగు నడుముకి దోపుకుందని చెప్పాను. వేళ్ళకి బెల్లం అంటి ఉందని చెప్పాను.

"పళ్ళగుపిత్తన్నాయా?"

"కనిపిస్తున్నాయి."

ముసలమ్మ నమ్మనట్టు నా మణికట్టు కదిపింది. "దానికి పై పన్ను ఎత్తుగుంటాదని సిగ్గు. నవ్వితే నోటికి సెయ్యడ్డం ఎట్టేసీది. ఎట్టలేదేటి?"

"పెట్టుకోబోతోంది అత్తా. చెయ్యి సగం లేచింది. అంతలోనే మా ఆవిడ తీసేసింది."

సీతాలమ్మ మణికట్టు వదల్లేదు. "మళ్ళీ సెప్పు" అంది. మళ్ళీ పాపిడి నుంచి మొదలుపెట్టాను.