పొయ్యి చోటు

ట్రెయిలర్‌ని వెనక్కి తోలి ఒక్క ఊపులో చోటులో పెట్టిన ఆడదాన్ని నా జన్మలో చూడలేదు. ఆ రోజు చూశాను. అరికాలి మంట నెత్తికెక్కింది.

నలభై ఏళ్ళుగా వేట మకాముకి వస్తున్నాను. స్టీరింగు ఎటు తిప్పితే ట్రెయిలర్ ఎటు పోతుందో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు. రెండుసార్లు పైన్ చెట్టుకి గుద్దాను, ఒకసారి తమ్ముడి పికప్‌కే గుద్దాను. ఈవిడేమో ఒక మోచెయ్యి కిటికీ మీద ఆనించి, అద్దంలోకి చూస్తూ, జుట్టు సర్దుకున్నంత తేలిగ్గా ఆ పనిచేసేసింది. ఈవిడంటే కొరిన్. మా తమ్ముడు ఆర్విడ్ అరవై మూడేళ్ళ వయసులో, మొన్న ఏప్రిల్లో చేసుకున్న పెళ్ళాం. పాతికేళ్ళు రోడియో అనే గుర్రపు స్వారీ పోటీలకి గుర్రాల ట్రెయిలర్లు తోలిందట. ఆ మాట ఆర్విడ్ నాకు అప్పటికి నాలుగుసార్లు చెప్పాడు.

దిగీ దిగగానే చక్రాల కింద దిమ్మలు కొట్టింది. మూలల్లో జాకీలు దింపింది. గడప మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా తిప్పింది.

"ఇంకేం, గుడ్డు పెట్టినా దొర్లదు!" అన్నాడు మెర్ల్. మెర్ల్ మా పొరుగు రైతు. తిండికి ముందుంటాడు, వేటకి వెనకుంటాడు.

ఇంతలో ఆమె ట్రెయిలర్ వెనక తలుపు పైకెత్తింది. లోపలి నుంచి వంటిల్లు సొరుగులా బయటికి జారింది. రెండు గ్యాసు పొయ్యిలు, సింకు, కుళాయి, కత్తులకి ఒక అర, మసాలాలకి ఇంకో అర. మగవాళ్ళిద్దరూ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు.

"ఇన్నేళ్ళూ మా థోరమ్మ మమ్మల్ని బురదలో కూర్చోబెట్టి తిండి పెట్టింది కదరా!" అన్నాడు మెర్ల్, నన్ను చూపిస్తూ.

కొత్త ఒక వింత, పాత ఒక రోత. నా వంటపెట్టె పికప్ వెనకాల పట్టా కింద కట్టి ఉంది. మా నాన్న చేసిన పెట్టె అది. మూత కిందికి దించితే బల్ల అవుతుంది. దాని పక్కన రేకు పొయ్యి, దాని గొట్టం, గుడారం గుడ్డ. దించమని ఎవ్వరూ అనలేదు. నేనూ అడగలేదు. మా ఆయన పోయాక ఏడాదంతా నేను ఎదురుచూసేది ఈ ఒక్క వారం కోసమే. మిగతా యాభై ఒక్క వారాలూ ఒక్కదానికే వండుకుంటాను.

మా మకాములో ఒక కట్టు ఉంది. తుపాకీ ఎవరు ఎక్కడ పట్టుకుని కూర్చోవాలో మగవాళ్ళు చూసుకుంటారు. పొయ్యి ఎక్కడ పెట్టాలో వండేవాళ్ళు చెప్తారు. అది నాన్న పెట్టిన కట్టు. నేను పెట్టే చోటు బండరాయి వెనక, వాగు వైపు. వాలుగా ఉంటుంది, కాళ్ళ కింద బురద. గుడారాల నుంచి నలభై అడుగులు నడవాలి. ఏటా మెర్ల్ సణుగుతాడు. "పొయ్యి చోటు నాది, నోర్మూసుకుని తిను" అంటాను. ఎందుకక్కడో వాళ్ళకి ఏనాడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

కొరిన్ ట్రెయిలర్ ఆపింది తూర్పు మూలన, రెండు ఎండు ఫర్ చెట్ల దగ్గర. చదునైన నేల, ఎదురుగా కొండలన్నీ కనిపిస్తాయి. కొత్తవాళ్ళెవరైనా అక్కడే ఆపుతారు. అయితే మనిషి కట్టు తెలిసిన మనిషి. చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"వదినా, పొయ్యి చోటు మీరే చెప్పాలట కదా? ఆయన చెప్పారు. ఇక్కడ ఉండనివ్వనా, జరపమంటారా?"

అదిగో, అక్కడ నేను నోరు విప్పాలి. ఆ మూలన వండితే తెల్లవారుజామున చల్లగాలి వంట వాసనని మోసుకుని ఆ రెండు చెట్ల మధ్య నుంచి కనుమలోకి దిగి, కింద దుప్పులు మేసే పచ్చికలోకి పోతుంది. ఆ వాసన తగిలితే దుప్పులు ఆ దరిదాపుల్లోకి రావు. మకాములో మిగతా గాలంతా వాగు వైపు పోతుంది, ఆ ఒక్క మూల గాలే అటు తిరుగుతుంది. మగవాళ్ళు ఆ వేళకి తిని వెళ్ళిపోయి ఉంటారు కాబట్టి వాళ్ళకి తెలియదు. మకాములో ఏ మూల పొగ ఎటు పోతుందో ఏళ్ళ తరబడి చూసినదాన్ని కాబట్టి నాకు తెలుసు. పైగా ఆవిడది గ్యాసు. పొగ ఉండదు, వాసన ఎటు పోతోందో కంటికి ఆనదు.

"నీ ఇష్టమమ్మా," అన్నాను.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నేను ఆ మాటకి తక్కువ చెయ్యలేదు.

ఇదంతా ఏదో ఒక ఏడాది వేట అయితే పోనీ అనుకోవచ్చు. ఈ కొండ మీద కొమ్ముల ఎల్క్‌ని, అంటే పెద్ద మగదుప్పిని, కొట్టడానికి పర్మిట్ లాటరీలో రావాలి. ఆర్విడ్ పదిహేడేళ్ళు వరసగా దరఖాస్తు పెట్టాడు. పదిహేడో ఏట వచ్చింది. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి, వేసవంతా వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. వచ్చే జనవరిలో వాడికి తుంటి ఎముక ఆపరేషను. ఆ తర్వాత ఈ కొండ ఎక్కడం ఉండదని డాక్టరు చెప్పేశాడు. చేతిలో ఉన్నది అయిదు రోజులు.

మొదటి తెల్లవారుజామున కొరిన్ బేకన్ వేయించింది. పులియబెట్టిన పిండితో పాన్‌కేకులు పోసింది. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఎర్రగా కాల్చింది. మెర్ల్ కంచం నాకినంత పని చేశాడు. నేను పక్కన మడత కుర్చీలో చుట్టంలా కూర్చుని తిన్నాను. ఉప్పు చూశాను, సరిపోయింది. కారం చూశాను, సరిపోయింది. బేకన్ అంచులు మాడాయేమో అని తిరగేసి కూడా చూశాను. నా ఖర్మ కాకపోతే ఒక్కటీ మాడలేదు.

మధ్యాహ్నానికి మగవాళ్ళు ఉత్తచేతులతో తిరిగొచ్చారు. పచ్చికలో ఒక్క దుప్పి లేదు. నిజం చెప్తున్నాను, నాకు లోపల సంతోషమేసింది. "ఈవిడ అడుగుపెట్టిన వేళావిశేషం" అని ఎవరైనా అంటారని చూశాను. ఎవరూ అనలేదు. కొరిన్ ఆర్విడ్ బూట్లు విప్పి, పాదాలకి వేడినీళ్ళ సీసా పెట్టింది. నలభై ఏళ్ళలో నాకు ఆ ఆలోచన రాలేదు.

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. మూడో రోజు ఆర్విడ్ కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చి ట్రెయిలర్ మెట్టు మీద కూలబడ్డాడు.

"జాడలన్నీ పాతవే అక్కా," అన్నాడు. "పేడ కూడా ఎండిపోయింది. పదిహేడేళ్ళు ఆగాను. అవేమో నేనొచ్చానని తెలిసినట్టు కొండ దాటిపోయాయి."

"వస్తాయిలేరా," అన్నాను.

"ఇంకెప్పుడు? ఇంక రెండు రోజులు. నా కాలు చూడు, పొద్దున ఎక్కేప్పటికే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి."

నేను తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాను. చిన్నప్పుడు వీడిని చంకనేసుకుని తిరిగాను. ఇప్పుడు వాడి మోకాలి మీద కొరిన్ చెయ్యి ఉంటే, దాన్ని చూస్తూ కూర్చున్నాను.

నాలుగో పొద్దున వాళ్ళు వెళ్ళాక మనసు ఆగలేదు. నేను పొరబడ్డానేమో, ఇన్నేళ్ళలో గాలి మారిందేమో, చూసుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను. ఒక తడి జునిపర్ మండ విరిచి, కొరిన్ స్టవ్ మీద అంటించి, ఆ పొయ్యి పక్కనే పట్టుకున్నాను. తెల్లటి పొగ లేచింది, ఒక్క క్షణం ఆగింది, రెండు ఎండు చెట్ల మధ్య నుంచి తాడు లాగినట్టు కనుమలోకి జారిపోయింది.

వెనక గిన్నె పెట్టిన చప్పుడైంది. కొరిన్ నా వెనకే నిలబడి ఆ పొగనే చూస్తోంది. తెలివైన మనిషి, చెప్పక్కర్లేకపోయింది. పొగ చూసింది, కింద పచ్చిక చూసింది, తర్వాత నన్ను చూసింది.

"మీకు ముందే తెలుసా వదినా?"

నేను మండ నేలకేసి తొక్కి ఆర్పాను. అంతకన్నా ఏం జవాబు కావాలి?

ఆమె పొయ్యి వైపు తిరిగింది. గ్యాసు కట్టేసింది. వంటిల్లు లోపలికి తోసి తలుపు దించేసింది. మగవాళ్ళు వచ్చేదాకా ఇద్దరం చెరో మూల కూర్చున్నాం.

ఆర్విడ్ రాగానే ఆమే ఎదురెళ్ళింది. "తప్పు నాది," అంది. "నా వంట వాసనంతా ఆ కనుమలోంచి పచ్చికలోకి పోతోంది. ఇందాక పొగ పెట్టి చూశాం."

ఆర్విడ్ ముఖం నల్లబడింది. "పొయ్యి చోటు అక్కని అడగమని చెప్పానా లేదా?"

"చెప్పారు."

"మరి?"

"మర్చిపోయాను. నేనే అడగలేదు," అంది తలొంచుకుని.

వాడు చేతిలో కర్ర నేలకేసి కొట్టాడు. "పదిహేడేళ్ళే! ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?" పెళ్ళయ్యాక వాడు ఆమె మీద గొంతు లేపడం నేను వినడం అదే మొదలు. ఆరు నెలలుగా నేను ఎదురుచూసింది దీనికోసమే.

నాకు అప్పుడు సిగ్గేసిందని చెప్తే బాగుంటుంది. ముందు వచ్చింది సిగ్గు కాదు, కడుపుమంట. ట్రెయిలర్ తోలడంలో మించింది, వంటలో మించింది, ఆఖరికి మంచితనంలో కూడా నన్ను మించిపోతుందా ఇది? నా తప్పు తన నెత్తినేసుకుని, నేను బతికినంత కాలం దాని దయ మీద బతకాలా?

"అడిగింది," అన్నాను. "దిగగానే వచ్చి అడిగింది. నీ ఇష్టం అన్నాను. గాలి సంగతి నాకు తెలుసు."

మెర్ల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆర్విడ్ నా వైపు తిరిగాడు. తిడితే బాగుండేది.

"నాన్న పొయ్యి చోటు నీ చేతికెందుకిచ్చాడక్కా?" అని అడిగాడు. జవాబు కోసం ఆగకుండా గుడారంలోకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పికప్ మీది పట్టా నేనే విప్పాను. రెండో కొసన కొరిన్ పట్టుకుంది. పెట్టె, రేకు పొయ్యి బండరాయి వెనక్కి మోశాం. వాలులో పొయ్యి కాళ్ళు ఏ రాళ్ళ మీద ఆనాలో చూపించాను. ఆమె తన రసమట్టం తెచ్చి దాని మీద పెట్టింది. నా పొయ్యి నలభై ఏళ్ళుగా రెండు వేళ్ళ ఎత్తు వంకరగా ఉందట. సరిచేసింది. నేను రాళ్ళు అందించాను.

తెల్లారేసరికి మంచు కురిసి ఉంది. మంచు పడితే దుప్పులు పైనుంచి దిగుతాయి. మగవాళ్ళు వెళ్ళారు. మా పొగ బుద్ధిగా వాగు వైపు పోయింది. ఏడున్నరకి కనుమ కింద నుంచి ఒక్క తుపాకీ చప్పుడు వినబడింది. ఇద్దరం చెవులు రిక్కించాం. రెండోది రాలేదు. మావాడు రెండోది కాల్చలేదంటే మొదటిదే తగిలిందన్నమాట. కొరిన్ నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

పది దాటాక ఆర్విడ్ మెర్ల్ భుజం మీద చెయ్యేసుకుని వచ్చాడు. ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది. సంచిలో ఎల్క్ గుండె. మా మకాములో ఏ వేట దొరికినా దాని గుండెని పొయ్యి చోటు ఎవరిదో వాళ్ళే వండాలి. మొదటి ముక్క కూడా వాళ్ళదే. నలభై ఏళ్ళు దాన్ని నా చేతికే ఇచ్చారు.

నేను పొయ్యి పక్కన నిలబడి ఉన్నాను. అంత జరిగాక కూడా, సిగ్గులేని చెయ్యి, దానంతటదే ముందుకి చాచుకుంది. వాడు నా చేతిని చూశాడు. సంచి కొరిన్‌కి ఇచ్చాడు.

న్యాయమే. నేనైనా అదే చేసేదాన్ని. చెయ్యి వెనక్కి తీసుకుని ఏప్రానుకి తుడుచుకున్నాను.

ఆమె నా పెట్టె మూత మీదే పల్చగా తరిగింది. నా ఇనప మూకుట్లోనే వెన్నలో వేయించింది. మొదటి ముక్కని కత్తితో రెండు చేసి, సగం తన కంచంలో వేసుకుని, సగం నా కంచంలోకి జార్చింది. ఆర్విడ్ అది చూసి తన కంచం ముందుకి జరిపాడు.

నేను చాలాసేపు నమిలాను. ఉప్పు చూశాను. సరిగ్గా సరిపోయింది.